పీట ఎక్కాకే మా భీముడికి ‘స్టే’ అర్థమైంది

నూజివీడు దగ్గర మా మామిడి తోటలో కోతలు మొదలైతే గేటు దగ్గర రోజంతా సందడే. ట్రాక్టర్లు, మినీ లారీలు, కూలీలు, బేరగాళ్ళు. భీముడు మా జర్మన్ షెపర్డ్. కొత్తవాళ్ళు వస్తే మొరగాలి, నేను ‘స్టే’ అంటే ఉన్నచోటే ఆగాలి. అదీ వాడి పని. మొరగడం వాడికి పుట్టుకతోనే వచ్చింది. ఆగడం మాత్రం 14 నెలలు నిండినా రాలేదు. ఆ ఏడాది కోతల్లో ట్రాక్టర్ చక్రం వాడి ముందు కాలికి జానెడు దూరంలోంచి వెళ్ళింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను ఎదురుగా నిలబడితే బాగానే కూర్చునేవాడు. నేను పదడుగులు వెనక్కి వేశానంటే కూర్చున్నవాడు కూర్చున్నట్టే మెల్లగా ముందుకు జరుగుతూ వచ్చేసేవాడు. మళ్ళీ తీసుకెళ్ళి కూర్చోబెట్టడం, అరవడం. చివరికి నా గొంతు వింటేనే చెవులు వెనక్కి వాల్చేసేవాడు.

వరసకు బాబాయ్ ఒకాయన పోలీసు డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్‌గా చేసి రిటైరయ్యారు. ఒకరోజు తోటకి వచ్చి పావుగంట మా ఇద్దర్నీ చూసి, “ఉండమంటున్నావు సరేరా, ఎక్కడ ఉండాలో వాడికెలా తెలుస్తుంది? నేలంతా ఒకటేగా! ఒక పీట చేయించు” అన్నారు.

పీటకి అంచు ఉంటుంది. పాదం అంచు దాటితే కుక్కకే తెలిసిపోతుంది, మనం అరవక్కర్లేదు. నేల మీద అడుగు జరిగినా వాడికి తేడా ఏముంది?

మొదటి పీట పెద్దదైపోయింది. 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. వాడు దాని మీద అటూ ఇటూ తిరిగి అడ్డంగా పడుకునేవాడు. “ఇది మంచంరా” అన్నారు బాబాయ్. కోయించి 3 అడుగులు, అడుగున్నరకి తెచ్చాం. వాడి ఒళ్ళు సరిగ్గా పట్టేంత. ఎత్తు 4 అంగుళాలే. ఎముకలు ఇంకా గట్టిపడని వయసులో ఎత్తుల మీంచి దూకించకూడదని బాబాయ్ గట్టిగా చెప్పారు.

పైన నున్నటి షీటు వేయించడం నేను చేసిన పెద్ద తప్పు. మొదటిరోజే ఎక్కబోతూ వెనక కాళ్ళు జారి పడ్డాడు. ఆ తర్వాత పది రోజులు పీట వైపు చూడలేదు. పాత రబ్బరు మ్యాట్ తెచ్చి పైన బిగించి, వాడి అన్నం గిన్నె ముందు పీట పక్కన, రెండ్రోజులకి అంచు మీద, ఆ తర్వాత మధ్యలో పెట్టాను. ముందు కాళ్ళు రెండూ పెట్టి, మెడ సాచి తినేవాడు. వెనక కాళ్ళు నేల మీదే, ఎప్పుడైనా పారిపోవడానికి సిద్ధంగా. నాలుగు కాళ్ళూ పైకెక్కిన రోజు గిన్నెలో ఉడికించిన లివర్ అంతా వాడికే పెట్టేశాను.

అసలు కిటుకు, మాట విన్నందుకు ఇచ్చే తిండి ముక్క పెట్టే చోటులో ఉందని అప్పుడే తెలిసింది. అంతకుముందు నేను ‘స్టే’ చెప్పి, కాసేపాగి, నా దగ్గరికి పిలిచి పెట్టేవాణ్ణి. ముక్క నా దగ్గరుంటే వాడు నా వైపే జరుగుతాడు కదా! ముందుకు జరగడం నేర్పింది నేనే. ఇక నుంచి ఎంత దూరంలో ఉన్నా నేనే నడిచి వెళ్ళి, పీట మీదున్నప్పుడే పెట్టడం మొదలుపెట్టాను. ‘ఫ్రీ’ (ఇక దిగొచ్చు) అన్నాక దిగితే ఏమీ ఉండదు. దూరం పెంచిన రోజు సమయం పెంచలేదు, సమయం పెంచిన రోజు దూరం పెంచలేదు. ఎండెక్కితే చెక్క కాలిపోతుంది కాబట్టి అంతా పొద్దున్నే, చెట్టు నీడలోనే.

సిట్, డౌన్, స్టాండ్ కూడా పీట మీదే చేయించాను. ముందుకు నడవడానికి చోటు లేక ఉన్నచోటే ఒళ్ళు మడుచుకోవడం అలవాటైంది. నెలన్నర తర్వాత పీట కాళ్ళు తీసేసి చెక్క నేల మీద పరిచాం. తర్వాత చెక్క తీసి గోనెసంచి. తర్వాత అదే సంచి సగానికి మడిచి, గేటు పక్కన.

ఈ ఏప్రిల్‌లో బంగినపల్లి లోడుకి లారీ రివర్స్‌లో వస్తూ హారన్ కొట్టింది. నేను 30 అడుగుల దూరంలో ఉన్నాను. ‘స్టే’ అన్నాను, మామూలు గొంతుతోనే. భీముడు వణికిపోతున్నాడు. కుడి కాలు సంచి దాటింది. తల వంచి కిందకి చూసుకుని, ఆ కాలు వెనక్కి తీసుకుని సంచి మీద పెట్టుకున్నాడు. లారీ ఆగేదాకా అలాగే ఉన్నాడు. నేను నడిచి వెళ్ళి, అక్కడే, వాడి నోటికి అందించాను.