రెండు వందల మూడు పుల్లలు: మా పాప మూడో తరగతి లెక్కలు

శనివారంతో మా పాప ఎస్‌ఏ-1 (సమ్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలు అయిపోయాయి. జూన్ 12న బడి తెరిచినప్పటి నుంచి ఉన్న టెన్షన్ ఇప్పుడు దిగింది. మాది హనుమకొండ. పాపది స్టేట్ సిలబస్, మూడో తరగతి.

తెలుగుతో పెద్ద బాధ లేదు. 'అమ్మ', 'అక్క' లాంటి ద్విత్వాలు ఎప్పుడో వచ్చేశాయి. 'స్త్రీ', 'రాష్ట్రం' దగ్గర తడబడితే రోజూ పేపర్లో హెడ్డింగులు చదివించాను. ఇంగ్లిష్ తనే చూసుకుంది. పరిసరాల విజ్ఞానానికి వేప, చింత, జామ, తంగేడు ఆకులు ఆరబెట్టి ఆల్బమ్ చేసింది. చాలామంది షాపులో చార్టులు కొనుక్కొచ్చారు. క్లాసులో గోడకు పెట్టింది మాత్రం మా పాపదే!

లెక్కల దగ్గరే మాకు అవమానం జరిగింది. ఆగస్టులో పేరెంట్స్ మీటింగ్‌లో మేడమ్ పది మంది ముందు నోట్‌బుక్ ఎత్తి చూపించి, "మీ పాప మ్యాథ్స్‌లో చాలా వీకమ్మా. ఇంట్లో ఎవరూ కూర్చోబెట్టరా? ట్యూషన్ పెట్టించండి" అంది. పాప తల దించుకుని ఐడీ కార్డు తాడు మెలిపెడుతూ నిలబడింది. ఎనిమిదేళ్ల పిల్లను అలా నలుగురిలో నిలబెట్టే హక్కు ఎవరిచ్చారు? ఆ కోపం నాకింకా పోలేదు.

ఇంటికొచ్చి నోట్‌బుక్ తెరిచాను. క్లాస్‌వర్క్ అంతా రైటే, బోర్డు మీద చూసి ఎక్కించుకున్నదే కదా. టెస్టులో మాత్రం 203 − 78 = 275 అని ఉంది. తీసేస్తే పెరిగింది! ఎలా వచ్చిందని అడిగాను.

"మూడులోంచి ఎనిమిది పోదు కదమ్మా, అందుకే ఎనిమిదిలోంచి మూడు తీసేశా."

"పక్కింట్లో అప్పు తెచ్చుకోమని మేడమ్ చెప్పలేదా?"

"పక్కింట్లో సున్నా ఉందిగా. వాళ్ల దగ్గరా ఏం లేదు."

పిల్ల ఆగిపోయింది అక్కడ. దానికి వీక్ అని పేరు పెట్టేశారు.

పాత చీపురు పుల్లలు విరిచి 203 ముక్కలు లెక్కపెట్టాం. పదేసి రబ్బరు బ్యాండు వేసి, పది కట్టలకొక రిబ్బను కట్టాం. వంద పుల్లల కట్టలు రెండు, విడిగా మూడు పుల్లలు. ఒక వంద విప్పితే పది పదులు. అందులో ఒక పది విప్పితే విడివి పదమూడు, పదులు తొమ్మిది. పదమూడులోంచి ఎనిమిది, తొమ్మిది కట్టల్లోంచి ఏడు తనే తీసి పక్కన పెట్టింది. "125 అమ్మా!" అని అరిచింది. మళ్లీ 78 కలిపి 203 వచ్చిందో లేదో చూడమన్నాను. వారం రోజులు ఇదే పని.

ట్యూషన్ అనగానే డబ్బు కట్టకండి. ముందు తప్పు మీద వేలు పెట్టి "ఇదెలా వచ్చిందమ్మా?" అని పిల్లనే అడగండి. నేను పదో తరగతితో ఆపేసిన దాన్ని. అయినా పట్టుకున్నాను.

పరీక్షలో 305 − 147 వచ్చిందట. "పక్కింట్లో సున్నా ఉంటే ఆ పైఇంటికి వెళ్లానమ్మా" అని బస్సు దిగుతూనే చెప్పింది. మార్కులు ఇంకా ఇవ్వలేదు. ఆ లెక్క మాత్రం రఫ్ నోట్‌లో మళ్లీ చేయించి చూశాను. 158.