చివరి ఘడియల్లో మాజీ సైనికులకు తోడుగా: నా అనుభవం

అమెరికాలో మాజీ సైనికుల కోసం ప్రభుత్వం నడిపే వీఏ ఆసుపత్రుల్లో చాలాచోట్ల ‘నో వెటరన్ డైస్ అలోన్’ అని ఒక కార్యక్రమం ఉంది. నా అన్నవాళ్లు లేని రోగులు, ఉన్నా వాళ్లు రాలేని రోగులు ఒంటరిగా పోకుండా వాలంటీర్లు వంతులవారీగా పక్కన కూర్చుంటారు. ఇలాంటి ఏర్పాటును 2001లో ఆరెగన్ రాష్ట్రం యూజీన్‌లో సాండ్రా క్లార్క్ అనే నర్సు మామూలు రోగుల కోసం మొదలుపెట్టారు.

ఫారం నింపగానే వార్డులోకి పంపరు. వేలిముద్రలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, టీబీ పరీక్ష, రోగుల వివరాలు బయటపెట్టకూడదని ఒక క్లాసు, ఆ తర్వాతే బ్యాడ్జ్. ఓపిక ఉంటే చాలు, అదంతా జరిగిపోతుంది. అసలు సంగతంతా హాస్పిస్ శిక్షణలో, అంటే చివరి దశలో ఉన్నవాళ్లను చూసుకునే శిక్షణలో ఉంది.

నిద్రలో ఉన్నవాళ్లను తట్టి లేపొద్దన్నారు. యుద్ధం చూసినవాళ్లు ఉలిక్కిపడి చెయ్యి విసరొచ్చు. కాళ్లవైపు నిలబడి పేరుపెట్టి పిలవాలి. యుద్ధం గురించి మనం తవ్వకూడదు. వాళ్లే చెబితే వినాలి, “పోనీలెండి, అయిపోయిందిగా” అని సర్దిచెప్పకూడదు. నాకు ఇదే కష్టమైంది. మనకి ఎవరైనా బాధపడుతుంటే ఊరుకోబెట్టడమేగా అలవాటు! మంచినీళ్లు కూడా మనంతట మనం పట్టకూడదు, మింగలేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నర్సు సరేనంటే తడిపిన స్పాంజి పుల్లతో పెదాలు తడపొచ్చు. తులసితీర్థం పోసే ఇళ్లలో పెరిగినవాళ్లకి చెయ్యి ఆగదు మరి.

ఒక సాయంత్రం నేను కూర్చున్నది వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చిన పెద్దాయన దగ్గర. మాట పడిపోయింది. తలగడ పక్కన నేవీ టోపీ. ఊపిరి కాసేపు గబగబా, కాసేపు అసలు లేనట్టే. చివరి దశలో అది మామూలేనని ముందే చెప్పారు గానీ, ఆగిన ప్రతిసారీ టెన్షనే. ఆ యుద్ధం నుంచి తిరిగొచ్చినప్పుడు చాలామందిని ఆదరించినవాళ్లు లేరు, అందుకే వాళ్లతో “వెల్‌కం హోమ్” అనమని మాకు నేర్పారు. ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేని నేను, నా గోదావరి యాస ఇంగ్లీషులో ఆ మాట అన్నాను. దుప్పటి మీద ఆయన చూపుడువేలు కదిలింది. విన్నారో లేదో చెప్పలేను.

నా వంతు అయ్యాక, తెల్లవారుజామున పోయారట. దేహం మీద జెండా కప్పి, సిబ్బంది వరండాలో నిలబడి సాగనంపారని తర్వాత నర్సు చెప్పింది.

మీలో ఎవరికైనా చేయాలనుంటే దగ్గర్లోని వీఏ ఆసుపత్రిలో వాలంటీర్ విభాగాన్ని అడగండి. హాస్పిస్ కావాలని ముందే చెప్పండి, లేకపోతే వీల్‌చైర్లు తోసే పనికి వేసే అవకాశం ఉంది. రాత్రిపూట కూర్చోగలిగితే ఆ సంగతీ చెప్పండి, మా దగ్గరైతే ఆ వంతులకే మనుషులు దొరకరు.