దానియేలు కథలో అమ్మ లేదు

స్నేహితురాలి పుట్టినరోజుకు వెళ్ళి ఆ రాత్రి వాళ్ళింట్లోనే ఉంటానని మా అమ్మాయి అడిగినప్పుడు, వద్దని చెప్పి ఊరుకోకుండా, అలవాటు కొద్దీ బైబిలును అడ్డం పెట్టుకుని, చెరగా, అంటే బందీగా, వెళ్ళిన బబులోను దేశంలో కూడా రాజు భోజనం ముట్టకూడదని దానియేలు తీర్మానించుకున్న సంగతి గుర్తు చేశాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "ఆ కథలో వాళ్ళ అమ్మ ఎక్కడా లేదు కదమ్మా, ఆయనే తీర్మానించుకున్నాడు" అంది. దానియేలు రాజు పెట్టిన చదువు చదివాడనీ, అక్కడి కల్దీయుల భాష నేర్చుకున్నాడనీ, బెల్తెషాజరని పేరు పెడితే కాదన్నట్టు కూడా ఎక్కడా లేదనీ, ఆయన వద్దన్నది ఆ భోజనం ఒక్కటేననీ, నేను మాత్రం అన్నిటినీ వద్దంటాననీ వరుసగా అప్పజెప్పింది. సండే స్కూల్లో ఆ పాఠం చెప్పింది నేనే కాబట్టి కోప్పడే వీలు కూడా లేకపోయింది.

ఆ తర్వాత దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం మళ్ళీ చదివాను. మూడేళ్ళ శిక్షణలో ఆ యువకుడు తనకు తాను గిరి గీసుకున్నది ఒక్కచోటే, అది కూడా ఎవరూ చెప్పకుండానే. గొడవ పెట్టుకోలేదు, అధికారిని మర్యాదగా వేడుకున్నాడు, ఆయన రాజుకు భయపడితే, పది రోజులు కూరగాయలూ నీళ్ళూ ఇచ్చి చూడమని తమను చూసుకునే కింది ఉద్యోగిని అడిగాడు. కాబట్టి పిల్లలకు నిషేధాల జాబితా చేతికివ్వడం కంటే, ఏది తమకు తగదో, ఎందుకు తగదో వాళ్ళే ముందుగా తేల్చుకునేలా మాట్లాడాలని ఇక్కడి ప్రార్థన కూడికలో తోటి తల్లులకు నేను గట్టిగానే చెబుతుంటాను. ఇలా చెప్పి ఇంటికి వచ్చాక, మా అమ్మాయి ఫోను ఎక్కడుందో మ్యాపులో చూసేదీ నేనే.

1842లో అమెరికా నుంచి వచ్చిన హయ్యరు దొర మొదలుపెట్టిన గుంటూరు లూథరన్ సంఘంలో పెరిగినదాన్ని. మా సంఘానికి ఆ పేరు వచ్చిన మార్టిన్ లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి, ఇంటి పెద్ద తన ఇంటివారికి నేర్పడానికి రాసిన పుస్తకం. ప్రభువు ప్రార్థనలో శోధనను గురించిన మనవికి అర్థం చెబుతూ ఆయన అపవాదినీ (సాతానునూ), లోకాన్నీ, మన శరీరాన్నీ కలిపి చెప్పాడు. మా ఇంట్లో నేను ఎప్పుడూ మాట్లాడింది మధ్యనున్న లోకాన్ని గురించే: బడి, స్నేహితులు, ఫోను, పక్కింటివాళ్ళ పండుగలు. మూడవదాన్ని తెరిస్తే, ఆరాధన ముగియకుండానే ఆఫీసు మెయిలు చూసుకునే నా సంగతీ, ఊరివాళ్ళు కొత్తగా కొన్న ఇంటి ధర విన్న రాత్రి నిద్రపట్టని నా సంగతీ బయటపడతాయని దాటవేశానేమో.

అయినా నా మొండితనానికీ ఒక వాక్యాధారం ఉంది. దేవాలయ శిఖరం మీద నుంచి దూకమని అపవాది యేసుతో అన్నప్పుడు ఎత్తి చూపింది తొంభై ఒకటవ కీర్తననే, దూతలు ఎత్తి పట్టుకుంటారన్న వాగ్దానాన్నే. దేవుణ్ణి నమ్మడం అంటే కళ్ళు మూసుకుని దూకడం కాదని ఆయన ద్వితీయోపదేశకాండంలోని మాటతోనే జవాబిచ్చాడు. అందుకే, పిల్లను ఎక్కడికి పడితే అక్కడికి పంపేసి దేవుడే చూసుకుంటాడనడం విశ్వాసం కాదని మా ఆయనతో వాదిస్తాను. ఆ వాదన తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. కానీ జాగ్రత్త ఎక్కడ ముగుస్తుందో, దేవుడి మీద అపనమ్మకం ఎక్కడ మొదలవుతుందో నా విషయంలో నేనే తేల్చుకోలేకపోతున్నాను.

వచ్చే ఆదివారం పిల్లలకు చెప్పవలసింది మూడవ అధ్యాయం. అగ్నిగుండం ఎదుట దానియేలు స్నేహితులు ముగ్గురూ, తమ దేవుడు రక్షించగల సమర్థుడని చెప్పి, "రక్షింపకపోయినను" రాజు నిలబెట్టిన ప్రతిమకు మ్రొక్కేది లేదన్నారు. పిల్లలకు ఆ భాగం చెప్పడం తేలికే, బొమ్మలు కూడా ఉన్నాయి. మా అమ్మాయి కోసం నేను చేసే ప్రార్థనలో మాత్రం ఆ ఒక్క మాటకు ఇంతవరకూ చోటు లేదు. కాపాడు, కాపాడు అనడమే తప్ప, నేను కోరినట్టు జరగకపోయినా నిన్ను నమ్ముతానని అనడానికి నోరు రాదు. పుట్టినరోజు శనివారం. పదిన్నరకు నేనే వెళ్ళి తీసుకువస్తానని రాజీకి వచ్చాను. పన్నెండు అంటోంది తను.