చీపురు దెబ్బలు చాలవు

రాత్రి పదకొండు దాటింది. చిన్నది నిద్రపోయింది, అత్తయ్య గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇల్లంతా సద్దుమణిగింది. అయినా సాయంత్రం ఆవిడ అన్న ఒక్క మాట నన్ను పడుకోనివ్వడం లేదు. "పాపం, ఆ మగవాడి గతి చూడు" అన్నారు. ఆ మగవాడు లకాన్, మేము చూస్తున్న జపాను యానిమే (కార్టూను) సీరియల్లో ఒక పాత్ర.

'ది అపోథకరీ డైరీస్' అనే ఆ సీరియల్ మూడో భాగం 2026 అక్టోబరులో వస్తుందని ప్రకటించారు కనుక, ఆలోపు వచ్చినంతవరకూ, అంటే 48 ఎపిసోడ్లనూ, మళ్లీ మొదటినుంచి చూడాలని నేనూ చిన్నదీ నియమం పెట్టుకున్నాము. ఈరోజు 23వది చూశాము. అత్తయ్య సోఫా చివర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, అంతకుముందు ఎపిసోడ్లలో ఆ మనిషి ఎంత విసిగించాడో తెలియకుండానే, ఒక్కదానితో తీర్పు చెప్పేశారు.

లకాన్‌కు మనుషుల ముఖాలు తెలియవు. అందరూ గో అనే పలక ఆటలోని నల్లరాళ్లలాగా, తెల్లరాళ్లలాగా కనిపిస్తారు. వేశ్యాగృహంలో తనను ఆటలో ఓడించిన ఫెంగ్‌షియన్ ముఖం ఒక్కటే అతనికి ముఖంలా కనిపించింది. ఆమెను విడిపించుకునే ధర అతని తాహతు దాటిపోయింది. గర్భవతి అయితే ఆమె వెల పడిపోతుంది, ఆమె గర్భవతి అయింది. ఆ సంగతి తెలియకుండానే ఆరు నెలలకని ఊరు దాటిన ఈ మహానుభావుడు మూడేళ్లకు తిరిగి వచ్చేసరికి, ఇంట్లో ఉత్తరాల గుట్టా, దానితోపాటు ఒక చిన్న సంచీ ఉన్నాయి. సంచీలో రెండు చిటికెన వేళ్ల కొసలు: ఒకటి ఆమెది, రెండోది పసిబిడ్డది. ఆ బిడ్డే మన కథానాయిక మావోమావో. అప్పుడు పరుగెత్తి వెళితే ముసలి యజమానురాలు చీపురు తిరగేసి చావబాదింది.

ఆ దెబ్బలు చాలవని నా ఫిర్యాదు. అంతవరకూ దుర్మార్గుడిలా చూపించి, ఆఖరున అతని కథను అతని కళ్లతోనే చెప్పి మన చేత కన్నీళ్లు పెట్టించడం న్యాయం కాదు. ఎవరి కథ వారి నోట వింటే ఎవరిమీదనైనా జాలి కలుగుతుంది. సవాయి రోగం ముదిరి, మతి చలించి, వెనుక గదిలో పసిపిల్లల పాట పాడుకుంటున్న ఫెంగ్‌షియన్ ఆ మూడేళ్లూ ఏమనుకుందో ఆమె నోటితో ఎవరు చెప్పారు? (నేనూ ఏడ్చాను. అది వేరే సంగతి. అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది.)

రహస్యాలు అల్లడంలో మాత్రం ఈ కథకు వంక పెట్టలేను. గోదాములో గాలిలో లేచిన పిండి అంటుకుని పేలడం, ఉప్పు రుచి తెలియని అధికారి ఉప్పు కలిసిన మద్యం తాగి చనిపోవడం, తక్కువ వేడికే కరిగే లోహం గుట్టు తెలిసిన పనివాడు మరణించడం, ఇవన్నీ వేర్వేరు సంగతులని మనం అనుకుంటుండగానే పూజామందిరంలో దూలం అంతఃపురాన్ని నడిపే అందగాడు జిన్షి నెత్తిమీద పడబోతుంది. దాని వెనుక ఉన్న సుయిరెయ్ అనే పరిచారిక ఉమ్మెత్తతో చచ్చినట్టు నటించి శవపేటికలోంచి మాయమవుతుంది. మన గేటు పక్కనున్న ఉమ్మెత్తతో అలా చేయవచ్చా అని చిన్నది అడిగింది. రేపు ఆ మొక్క పీకించాలి.

అత్తయ్య మాటకు నాకు మా పెదనాన్న గుర్తుకొచ్చాడు. తొమ్మిదేళ్లు ఎక్కడున్నాడో తెలియని మనిషి, నాకు ఎనిమిదేళ్లప్పుడు, ఆషాఢంలో ఒక మధ్యాహ్నం చేతిసంచితో గుమ్మంలో నిలబడ్డాడు. పెద్దమ్మ మా అందరికోసం రోట్లో గోరింటాకు రుబ్బుతోంది. లేచి చేతులు కడుక్కుంది, ఎరుపు పోలేదు, ఆ ఎర్రచేతులతోనే అన్నం వడ్డించింది. వీధివీధంతా వచ్చి "పాపం, ఎంత చిక్కిపోయాడో" అన్నారు. పెద్దమ్మ చిక్కిందో లేదో ఎవరూ చూడలేదు. అన్నయ్యకు అప్పుడు పదిహేనేళ్లు. కంచం తీసుకుని పెరటి అరుగుమీదకు వెళ్లి తిన్నాడు, ఆ తర్వాత ఏనాడూ ఆయన పక్కన కూర్చుని తినలేదు, నాన్నా అని పిలవలేదు. అయితే పెదనాన్నకు కంటి ఆపరేషను అవసరమైనప్పుడు పట్నానికి తీసుకెళ్లింది అన్నయ్యే. రెండు టిక్కెట్లు కొని, ఆయనను కిటికీ పక్కన కూర్చోబెట్టి, తాను రెండు సీట్లు ముందు కూర్చున్నాడట.

ఇక్కడిదాకా రాశాక నా కోపం మీద నాకే అనుమానం వస్తోంది. అన్నయ్యలాగే మావోమావో చేసినదీ అదే కదా? తండ్రిని పందేనికి పిలిచి, అతనికి పడని మద్యం తాగించి, తాను గెలిచి, ఆ వేశ్యాగృహంలో ఒకరిని విడిపించాలని షరతు పెట్టింది. అతను పాట విని వెనుక గదికి పరుగెత్తి, ముక్కు కూడా మిగలని ఆ మనిషినే కోరుకున్నాడు. "అమ్మా, మావోమావోకు అతనిమీద పగ లేదు, ఇష్టం లేదంతే" అంది చిన్నది. పగ ఏమి చేస్తుందో రెండో భాగంలో షి వంశంలో చూశాము, ఒక స్త్రీ అవమానం మరవలేక వంశమంతా నాశనమైంది. అయినా లకాన్‌ను క్షమించమని నన్ను మాత్రం అడగకండి.

జిన్షి గురించి రాయలేదని చిన్నది రేపు అలుగుతుంది. తనను నత్తను చూసినట్టు చూసే మావోమావో వెనుక అన్నాళ్లు తిరిగేవాడి ఓపికకు దండం. కోటగోడ మీద ఆమె నాట్యం చేసే 24వ ఎపిసోడు రేపటికి.

ఇది రాస్తుండగా అత్తయ్య మంచినీళ్లకు లేచారు. చెంబు చేతిలో పెట్టుకుని నా వెనుక కాసేపు నిలబడి, "ఆ పసిపిల్ల వేలు ఏమైంది తర్వాత?" అని అడిగారు. కొస మళ్లీ పెరిగిందనీ, అయితే వంకరగా పెరిగిందనీ చెప్పాను. ఆవిడ "ఊఁ" అని, తలుపు దగ్గరగా వేసుకున్నారు.