అన్నయ్య పోయిన ఏడాది మొదలైన దడ

నాకు 68వ ఏట మొదలైన ఈ జబ్బును దాదాపు సంవత్సరంపాటు గుండెజబ్బేనని నమ్మాను. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. గుండె దడదడలాడేది, ఛాతీ పట్టేసినట్టుండేది, అరచేతులు చెమర్చేవి. ఈసీజీ, ఎకో తీసి, లోపమేమీ లేదన్నారు. ఆ మాట విన్న రోజున ఊరటగానే ఉండేది గాని, రెండు రోజులు తిరిగేసరికి పరీక్షకు అందని జబ్బేదో ఉందేమోనన్న అనుమానం మళ్లీ మొలకెత్తేది.

ఆ అనుమానంతోనే బీపీ మిషన్ కొన్నాను. మొదట్లో ఉదయం, సాయంత్రం చూసుకునేవాణ్ణి. నెల గడిచేసరికి రోజుకు పదిహేను సార్లయినా పట్టీ చేతికి చుట్టుకుంటున్నాను. అంకె పెద్దగా కనబడితే భయం వేసేది, ఆ భయానికి అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై గుండె వేగమూ రక్తపోటూ పెరిగేవి, మళ్లీ చూసుకుంటే అంకె ఇంకా పెద్దదయ్యేది. పడిపోతానేమోనని నడక మానేశాను, దాంతో కాళ్లలో పట్టు తగ్గింది. "ఏమిటండీ అంతగా ఆలోచిస్తున్నారు?" అని నా భార్య అడిగితే, "ఏమీ లేదు" అనేవాణ్ణి. దాచిపెట్టి అన్న మాట కాదది; నాకు తెలిసిందల్లా ఒంట్లో బాధే.

నిద్ర కోసం, ఎప్పుడో రాసిచ్చిన పాత చీటీ చూపించి అల్ప్రజోలం అనే మత్తుమాత్ర తెచ్చుకుని వేసుకోసాగాను. ఒక రాత్రి బాత్‌రూమ్‌కని లేచి, తూలి పడి, మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆ తరగతి మందులు వయసు మళ్లినవారిలో తూలునూ మతిమరుపునూ పెంచుతాయని, ఎముకలు విరిగేలా పడడానికి కారణమవుతాయని చేతికి కట్టు పడ్డాకగాని నాకు తెలియలేదు. ఇది నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత చూపించుకున్న వృద్ధుల వైద్యురాలు ముందుగా థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించారు, ఎందుకంటే అవీ ఇలాంటి దడనే తెస్తాయి. తర్వాత, గడచిన రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలున్న కాగితం ఇచ్చారు. 21కి నాకు 16 వచ్చింది. 10 గాని, అంతకు మించి గాని వస్తే ఆందోళన రుగ్మత ఉందేమో లోతుగా చూడాలట. "ఇది మొదలైనప్పుడు ఇంట్లో ఏం జరిగిందండీ?" అని ఆవిడ అడిగినప్పుడు, దానికి రెండు నెలల ముందు మా అన్నయ్య నిద్రలోనే పోయారని చెప్పబోయి, గొంతు పెగలక ఆగిపోయాను. అంతవరకు ఈ రెండింటినీ కలిపి చూడాలని నాకు తట్టనే లేదు.

అల్ప్రజోలం ఒక్కసారిగా ఆపకుండా వారాల తరబడి తగ్గిస్తూ మాన్పించారు. ఆందోళన తగ్గించే సెర్ట్రలిన్ అనే మందును 25 మి.గ్రా.తో మొదలుపెట్టి, ఈ మందు పెద్దవయసువారిలో రక్తంలో సోడియం తగ్గించవచ్చు కనుక రెండు వారాలకు రక్తపరీక్ష చేయించారు. మొదటి పది రోజులు కుదురు లేక, మానేద్దామనిపించింది. తేడా తెలిసింది ఆరో వారంలోనే. మందుకంటే కష్టమైనవి మనస్తత్వ నిపుణుడు చేయించిన సాధనలు: బీపీ చూసుకోవాలనిపించినప్పుడు పావుగంట ఆగడం, దడ ఉండగానే లేచి నడవడం. ఆ పావుగంటలో దడ దానంతటదే దిగిపోవడం మొదటిసారి గమనించిన రోజు నాకు బాగా గుర్తుంది.

ఇప్పుడు బీపీ మిషన్ నా భార్య బీరువాలో ఉంటుంది. వారానికి రెండుసార్లు తనే చూస్తుంది. మూడింటికి మెలకువ ఇంకా అప్పుడప్పుడు వస్తూనే ఉంది. అలాంటప్పుడు అన్నయ్యను తలుచుకుంటూ పడుకుంటాను, ఎప్పుడో నిద్ర పడుతుంది.