అక్క కిడ్నీ, ఖాళీ గడి

అక్క ఇచ్చిన కిడ్నీని నాకు పెట్టిన ఆపరేషన్ రోజు నుంచి నాకు నూరిపోసింది ఒకటే మాట: మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు. పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి ఫోన్‌లో అలారం. పర్లాకిమిడిలో నా జిరాక్స్ షాపుకొచ్చే వాళ్లకి కూడా ఆ మోత అలవాటైపోయి, నేను పనిలో పడి మర్చిపోతే వాళ్లే ఒడియాలో గుర్తుచేసేవారు.

ఎనిమిదో నెలలో క్రియాటినిన్, అంటే కిడ్నీ సరిగా పనిచెయ్యకపోతే రక్తంలో పెరిగే అంకె, 1.2 నుంచి 1.9కి ఎక్కింది. జ్వరం లేదు, నొప్పి లేదు. విశాఖలో డాక్టరుగారు రెండు అనుమానాలు చెప్పారు. ఒళ్లు కొత్త కిడ్నీని ఒప్పుకోకపోవడం ఒకటి, బీకే వైరస్ రెండోది. మొదటిదైతే ఒంటి నిరోధక శక్తిని అణిచే మందులు పెంచాలి, రెండోదైతే తగ్గించాలి. తేల్చుకోకుండా మందు మారిస్తే అక్క ఇచ్చిన కిడ్నీకే ఎసరు. అందుకే రక్తంలో వైరస్ లెక్క చూశారు, ఆపైన బయాప్సీ, అంటే సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడటం. సూది తీశాక పొత్తికడుపు మీద ఇసుక సంచి పెట్టి, కదలకుండా వెల్లకిలా పడుకోమన్నారు. ఆ బరువు ఇప్పటికీ గుర్తే.

బీకేనే అని తేలింది. పాలియోమా జాతి వైరస్. పెద్దవాళ్లలో ఎక్కువమందికి చిన్నప్పుడే సోకి, కిడ్నీల్లో చప్పుడు లేకుండా పడి ఉంటుందట. కిడ్నీని కాపాడే మాత్రలు ఒంట్లో నిరోధక శక్తిని అణిచేసరికి లేస్తుంది. 1971లో లండన్‌లో కిడ్నీ మార్పిడి అయిన ఒకాయన మూత్రంలో దీన్ని మొదట పట్టుకున్నారు. ఆయన పేరులోని పొడి అక్షరాలే బీకే. రాత్రి ఫోన్‌లో వెతికితే మెదడు దెబ్బతింటుందని కనిపించి టెన్షన్‌తో నిద్రపట్టలేదు. "అది జేసీ వైరస్ అయ్యా, దీనికి చుట్టం. నీది కాదు" అని మర్నాడు డాక్టరుగారు కసిరారు.

గుణుపూర్ పాసింజర్‌లో తిరిగొస్తుంటే అక్క పులిహోర డబ్బా మూత కూడా తియ్యలేదు. పాతపట్నం దాటాక అడిగింది: "నా కిడ్నీతోటే వచ్చిందేటిరా?"

అలా కూడా రావొచ్చని డాక్టరుగారు అననే అన్నారు. ఆ మాట దాచి, "ఒకే కంచంలో తిని పెరిగాం కదక్కా, ఎవరిది ఎవరికి అంటుకుందో ఎవడికి తెలుసు" అన్నాను. అదీ అబద్ధం కాదు.

దీన్ని చంపే మందంటూ లేదు. నిరోధక శక్తిని అణిచే నా మాత్రల్లో మైకోఫెనొలేట్ సగం చేసి, తర్వాత పూర్తిగా ఆపేశారు. అలాంటిదే ఇంకో మాత్ర టాక్రోలిమస్ కూడా కొంచెం తగ్గించారు. అన్నాళ్లూ మానకూడదన్న మాత్రను వాళ్లే మాన్పించారు. రాత్రి తొమ్మిదికి డబ్బా తెరిస్తే ఒక గడి ఖాళీగా కనిపించేది. ఏదో మర్చిపోయినట్టు మళ్లీ మళ్లీ వేలు పెట్టి చూసేవాణ్ని. ఇటు వైరస్ తగ్గేలోపు అటు ఒళ్లు కిడ్నీ మీద తిరగబడితే? ఆ భయానికి మాత్ర లేదు.

పరీక్ష రోజు పొద్దుటి టాక్రోలిమస్ మింగకుండా రక్తం ఇవ్వాలి. ముందు రాత్రే విశాఖ చేరి, మాత్రని చొక్కా జేబులో పెట్టుకుని లైన్లో నిలబడేవాణ్ని. సూది తీసిన వెంటనే గుటుక్కున మింగడమే.

వైరస్ లెక్క 48,000 నుంచి దిగుతూ దిగుతూ ఎనిమిది నెలలకి రిపోర్టులో లేకుండా పోయింది. క్రియాటినిన్ మాత్రం 1.5 దగ్గర ఆగిపోయింది, పాత అంకెకి రాలేదు.

రిపోర్టు వాట్సాప్‌లో పంపితే అక్క వెంటనే ఫోన్ చేసింది.

"ఇందులో సున్నా ఏదిరా?"

"సున్నా అని రాయరక్కా. కనబడలేదు అని రాస్తారు."

"అంటే దాక్కుందన్నమాట" అంది. "మళ్లీ పరీక్ష ఎప్పుడన్నారు?"