సున్ని బరువు 750 గ్రాములు

మా అత్తమ్మ ఇన్సులిన్ డబ్బాలో ఎర్ర మూత సిరంజీలుంటాయి. ఆరేళ్లుగా రోజూ చూస్తున్నవే. వాటి మీద చివరి అంకె ఎంతో మాత్రం ఈ ఏప్రిల్‌లో ఒక రాత్రి పదింటికి గానీ చూడలేదు. అప్పటికే మందు సున్ని కడుపులోకి వెళ్లిపోయింది.

సున్ని అంటే సున్నుండ. మా గినీ పిగ్. అదే రంగు, అదే గుండ్రన, తోక లేదు. ఐదో తరగతి చదివే మా వాడు పెట్టిన పేరు. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం "పందికొక్కును పెంచుకుంటున్నారేంటి" అనే అంటారు.

ఒక శనివారం సాయంత్రం మా వాడు సోఫాలో దాన్ని ఒళ్లో పెట్టుకుని టీవీ చూస్తున్నాడు. వంటింట్లో కుక్కర్ విజిలేసింది. అది ఉలిక్కిపడి కిందికి దూకింది. ఎత్తు అడుగున్నర కూడా ఉండదు. దూకినప్పుడు కిక్కుమనలేదు. రాత్రి కొత్తిమీర పెడితే వాసన చూసి వదిలేసింది. అప్పుడు చూశాం, వెనక కుడికాలు నేలకు ఆనించట్లేదు. బొచ్చంతా ఉబ్బించుకుని ఒక మూల ముద్దలా కూర్చుంది, కళ్లు సగం మూసి.

మా ఆయన వెంటనే వీధి చివర మెడికల్ షాపుకెళ్లి రెండు సీసాలు తెచ్చారు. ఒకటి పిల్లల జ్వరం సిరప్, పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కలిసింది. రెండోది పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్, అమాక్సిసిల్లిన్. "చిన్న ప్రాణమే కదా, రెండు చుక్కలు చాలు" అన్నాడట షాపతను. ఆ "రెండు చుక్కలు" అన్న మాట తరవాత వారమంతా నా చెవుల్లో తిరిగింది.

మా అదృష్టం, పై ఫ్లోర్‌లో ఒక అంకుల్ ఉన్నారు. మాది రామంతాపూర్. ఆయన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ప్రయోగ జంతువుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. సీసాలు చూడగానే అమాక్సిసిల్లిన్ తీసి జేబులో వేసుకున్నారు, మళ్లీ ఇవ్వలేదు. గినీ పిగ్‌కి, హామ్‌స్టర్ అనే పెంపుడు చిట్టెలుకకి పెన్సిలిన్ జాతి మందు నోట్లో పోస్తే పేగుల్లోని మంచి బాక్టీరియా చచ్చిపోయి, చెడ్డది విజృంభించి, జంతువే పోతుందట. "ఇంకోటి. వీటికి వాంతి రాదమ్మా. కుక్కయితే ఎక్కువైంది కక్కేస్తది. ఇవి కక్కలేవు. లోపలికి పోయింది పోయినట్టే" అన్నారు. నొప్పి కూడా బయటపెట్టవట. అడవిలో మూలిగిన ఎలుకను గద్ద ముందు ఎత్తుకుపోతుంది కదా. అందుకే మొహం చూసి నొప్పి పసిగట్టాలంటారు. ఎలుకల కళ్లు, చెవులు, మీసాలు ఎలా ఉన్నాయో చూసి నొప్పికి మార్కులేసే పద్ధతి 2010లోనే వచ్చిందట. సున్ని సగం మూసిన కళ్లకు ఎన్ని మార్కులని అడగబుద్ధి కాలేదు.

ఆదివారం పొద్దున డాక్టర్ కోసం ఫోన్లు. మూడు చోట్ల "కుక్కలు, పిల్లులే చూస్తాం" అన్నారు. నాలుగోసారి సైనిక్‌పురి వైపు ఒక మేడమ్ దొరికారు. కుందేళ్లు, చిలకలు, ఇలాంటివి చూస్తారు. కూరగాయల బుట్టలో తువ్వాలు పరిచి, సున్నిని పెట్టి, ఆటోలో ఎండ పడకుండా చున్నీ కప్పి తీసుకెళ్లాం. ఎండదెబ్బ వీటికి ప్రాణాంతకం. మన ఏప్రిల్ గురించి చెప్పేదేముంది.

ఎక్స్‌రేలో వెనక కాలి వేలు విరిగిందని తేలింది. కట్టు అక్కర్లేదన్నారు, కొరికి పారేస్తుంది. గూట్లోనే విశ్రాంతి, నొప్పి మందు. మేడమ్ మొదట అడిగింది "ఇంట్లో ఇప్పటికే ఏమైనా పోశారా?" అని. పోసి ఉంటే ఆరోజు మందు మొదలుపెట్టేవారు కాదట. రెండు నొప్పి మందులు ఒకదాని మీద ఒకటి పడితే కడుపులో పుండ్లు, కిడ్నీల మీద దెబ్బ.

మందు పేరు మెలాక్సికామ్. తేనెలా జిగట, తియ్యటి సస్పెన్షన్. అంకుల్‌కి చెబితే ఆయనకు రాబందులు గుర్తొచ్చాయి. ఒకప్పుడు పశువులకు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు పొడిచేవారు. ఆ కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై లక్షల్లో పోయాయి. 2006లో పశువులకు దాన్ని నిషేధించాక, దాని బదులు వాడమన్నది, రాబందులకు హాని చెయ్యదని అప్పటికే తేలిన ఈ మందునే. మా సున్నికీ దీనికీ సంబంధం లేదు గానీ, ఆ కథ విన్నాక మా వాడు ఆ సీసాను గౌరవంగా చూడటం మొదలుపెట్టాడు.

ఆ సీసా నిజానికి కుక్కలది. ఒక మిల్లీలీటరులో 1.5 మిల్లీగ్రాముల మందు. దాంతో వచ్చిన సిరంజి మీద గీతలు కుక్క బరువు ప్రకారం కిలోల్లో ఉంటాయి. మేడమ్ దాన్ని తీసి చెత్తబుట్టలో వేశారు. సున్నిని తూకమేసి, 750 గ్రాములు, నా ఎదుటే కాగితం మీద లెక్క వేశారు. కిలోకి 0.2 మిల్లీగ్రాముల చొప్పున 0.15 మిల్లీగ్రాములు. దాన్ని 1.5తో భాగిస్తే 0.1 మిల్లీలీటరు. రోజుకొక్కసారి, ఏడు డోసులు. ఇది సున్ని అంకె, దాని బరువుకీ దాని నొప్పికీ మేడమ్ రాసింది. అదే మందు వేరే బలంలో కూడా దొరుకుతుంది, సీసా మారితే లెక్కంతా మారుతుంది. అందుకే ఆ కాగితం ఫ్రిజ్‌కి అంటించాను గానీ ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యలేదు.

ఇంట్లో రోజూ చేసింది ఇది. పొద్దున్నే కిచెన్ స్కేల్ మీద గిన్నె పెట్టి సున్నా చేసి, సున్నిని కూర్చోబెట్టి బరువు రాసుకోవడం. 700కి దిగితే ఏ టైమైనా ఫోన్ చెయ్యమన్నారు. రాత్రి అది గరికో క్యాప్సికమ్ ముక్కో తిన్నాక మందు. సీసా బాగా గిలక్కొట్టాలి, లేకపోతే మందంతా అడుగునుండి పైన వట్టి తీపి నీళ్లే వస్తాయి. చంటిపిల్లను పొత్తిళ్లలో చుట్టినట్టు తువ్వాల్లో చుట్టి, తల మాత్రం బయట పెట్టాలి. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది. సిరంజి మూతి పక్క నుంచి అక్కడ పెట్టి, ఇంత, మళ్లీ ఇంత. అది చప్పరించి మింగేదాకా ఆగాలి. ఎదురుగా పెట్టి ఒక్కసారే నొక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మొదటిరోజు నా చెయ్యి వణికి సగం దాని గడ్డానికి అంటింది. మళ్లీ పోయాలా అని ఫోన్ చేస్తే, వద్దు, ఎంత పోయిందో తెలియనప్పుడు మళ్లీ పోయకూడదన్నారు. నీళ్ల సీసాలో కలిపేస్తే సులువు కదా అని కూడా అడిగాను. నొప్పితో ఉన్నది ఎన్ని నీళ్లు తాగుతుందో మీకు తెలుసా అన్నారు. తెలీదు.

ఇక మంగళవారం. మేడమ్ ఇచ్చిన చిన్న సిరంజిని నేను రోజూ గిన్నెల సబ్బుతో తోముతున్నాను. మూడో రోజుకి దాని మీద గీతలు చెరిగిపోయాయి. తెల్లటి గొట్టం మిగిలింది. రాత్రి తొమ్మిదిన్నర, షాపులు కట్టేసే వేళ. అత్తమ్మ డబ్బాలోంచి ఒక కొత్త సిరంజి తీసి సూది ఊడబెరికాను. ఇదీ ఒక మిల్లీలీటరుదే. అంతకుముందు ఏదో వీడియోలో విన్నాను, ఇన్సులిన్ సిరంజిలో పది గీతలంటే 0.1 అని. పది దాకా లాగాను. అత్తమ్మ చూసి "ఏందే బిడ్డా, ఎలుకకు గూడ షుగరొచ్చిందా?" అంది. నవ్వుకుంటూ పోసేశాను. బుద్ధిగా మింగింది.

సిరంజి కడుగుతుంటే చూశాను, పైన చివరి అంకె 40.

వందది కాదు. మన దగ్గర మిల్లీలీటరుకి 40 యూనిట్ల ఇన్సులిన్ సీసాలు ఇంకా వాడుతున్నారు, వాటికి ఎర్ర మూత సిరంజి. నలభై గీతలకు ఒక మిల్లీలీటరు. అంటే 0.1కి నాలుగో గీత. నేను పోసింది పది గీతలు, 0.25. రెండున్నర డోసులు. వీడియోలోది వంద గీతల నారింజ మూత సిరంజి. వేళ్ల మీద మూడుసార్లు లెక్కపెట్టాను, ప్రతిసారీ అంతే వచ్చింది. వాంతి రాదమ్మా అన్న మాట గుర్తొచ్చి కాళ్లలో సత్తువ పోయింది.

మేడమ్ ఫోనెత్తారు. నన్ను ఒక్క మాట అనలేదు, ప్రశ్నలే. ఇవాళ బరువెంత? 738. తిందా? తింది. పెంటికలు వేస్తోందా? నీళ్లు? తరవాత లెక్క చెప్పారు. కిలోకి 0.5 మిల్లీగ్రాములు పడింది, నొప్పి బాగా ఎక్కువైతే గినీ పిగ్‌లకు అంతదాకా కూడా ఇస్తారు, ఒక్కసారికి కంగారు పడొద్దు. రేపటి డోసు మానేయండి. ఎండాకాలం, ఒంట్లో నీరు తగ్గితే ఈ మందు కిడ్నీలను దెబ్బతీస్తుంది, కాబట్టి తడి ఆకులు పెట్టండి, నీళ్లు మార్చండి, కూలర్ ఉన్న గదిలో ఉంచండి. పెంటికలు తారులా నల్లగా వచ్చినా, తిండి మానేసినా వెంటనే తీసుకురండి. గినీ పిగ్ పేగు ఆడుతూనే ఉండాలి, ఆగితే దాన్ని మళ్లీ నడపడం కష్టం.

చివర్లో ఒక మాటన్నారు. ముప్ఫై గ్రాముల బుల్లి హామ్‌స్టర్‌కి ఆ 0.25 పడి ఉంటే కిలోకి పన్నెండు మిల్లీగ్రాములు దాటేదట. వాటికి ఆవిడ మందును పలచన చేసి, డోసు డోసుగా తనే నింపి ఇస్తారు.

ఆ రాత్రి గూటి పక్కనే చాప వేసుకున్నాను. రెండింటికి, మూడున్నరకి, ఐదింటికి టార్చి వేసి పెంటికలు చూశాను. ఉద్యోగం పక్కన పెట్టి ఇదేం పని అని నాకే అనిపించింది గానీ, గోధుమరంగులో గట్టిగా, బియ్యపు గింజకు అన్నలా ఉన్నవి కనపడ్డ ప్రతిసారీ దండం పెట్టుకున్నాను. పొద్దున బరువు 731. మధ్యాహ్నానికి గరిక కట్ట సగం తినేసింది. గురువారం 740. ఆ రాత్రి నుంచి మళ్లీ మందు, ఈసారి మేడమ్ దగ్గర్నుంచి తెచ్చుకున్న కొత్త సిరంజితో. నాలుగు తెచ్చాను. 0.1 గీత దగ్గర నెయిల్ పాలిష్‌తో సన్నగా గుర్తు పెట్టాను. కడగడం వట్టి నీళ్లతోనే. లాగేది నేను, చూసి "కరెక్ట్" అనేది మా వాడు. వాడు అనకపోతే పోయడం లేదు.

ఏడు డోసులు ఎనిమిది రోజుల్లో పూర్తయ్యాయి. ఆఖరి రోజు 752. కాలు ఇంకా కొంచెం ఎత్తి వేస్తోంది గానీ ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, గూటి కడ్డీలు పట్టుకుని లేచి నిలబడి ఈల వేస్తోంది.

అత్తమ్మ డబ్బా మీద మా వాడు స్కెచ్ పెన్నుతో రాశాడు: "నానమ్మవి. 40." ఆవిడ మాత్రం రోజూ కొత్తిమీర కాడలు తెంపుకొచ్చి గూటి ముందు కూలబడుతుంది. "ఓ షుగర్ పేషెంటూ, దా, తిను."